దొరసానికి జోడు

ఫిబ్రవరి 10

ఈరోజు నాకు ఏ అనుమానమూ లేదు. తారీఖు వేసి మరీ రాసి పెట్టుకుంటున్నాను.

మీటింగు హాల్లో పెద్దసారు నా నివేదికని జెండా ఎత్తినట్టు ఎత్తి అందరికీ చూపించారు. మా సంస్థ పెట్టినప్పటి నుంచీ ఇంత పని జరగలేదన్నారు. పదకొండేళ్ళలో ఆయన నోట మెచ్చుకోలు వినడం ఇదే మొదలు. వెనక్కి తిరిగి చూశాను, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని.

గత అయిదేళ్ళలో ఇక్కడ పొదిగి, నాలుగు పెంపక కేంద్రాలకీ పంచిన కొంగపిల్లలు తొంభై నాలుగు. ఒక్కోదాని రక్తపుచుక్క నుంచి జీనోమ్ చదివాను. ఏది మగ, ఏది ఆడ, దేనికెవరు అమ్మానాన్న. ఈ జాతిలో మగా ఆడా ఒకే పోత, చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. బయట మడుగుల్లో మిగిలినవి రెండొందలు కూడా లేవు. చుట్టరికాలు చూసుకోకుండా జత కలిపితే అన్నకి చెల్లెల్ని కట్టబెట్టిన వాళ్ళమవుతాం.

చప్పట్లు మాత్రం వీటన్నిటికీ కాదు. వంశం పుస్తకం డెబ్బై రెండు చోట్ల తప్పని నేను తేల్చినందుకు.

వంశం పుస్తకం అంటే బాబాయ్ పుస్తకం. ఆయన ఇక్కడ కొంగల కాపరి. పెద్దసారు నుంచి తోటమాలి దాకా అందరికీ బాబాయే. ఇరవై ఏడేళ్ళుగా ఏ గుడ్డు ఎవరిదో తన చేత్తో రాస్తూ వచ్చారు. వెనక వరసలో కూర్చుని చేతిలో టోపీ తిప్పుకుంటున్నారు. "పొదిగే గదిలో గుడ్లు తారుమారయ్యాయి" అన్న వాక్యం నేను చదివినప్పుడు తిప్పడం ఆపేశారు.

నేనేం చేయను? అలా వచ్చింది.

ఫిబ్రవరి 12

"అమ్మ గ్యాస్ కట్టేసిందో లేదో వెనక్కొచ్చి చూడకుండానే బస్సెక్కేసింది నాన్నా!" అని సాయంత్రం మా అమ్మాయి ఇల్లంతా చాటింపు వేసింది.

మా ఆయన వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు. "జ్వరం లేదే" అన్నారు.

ఇద్దరికీ నేనంటే లోకువ. హాయిగా ఉంది.

ఫిబ్రవరి 16

దొరసానికి ఈరోజు జోడుని చేర్చాం.

ఇరవై నాలుగేళ్ళ కొంగ. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, నడిచే తీరు చూస్తే ఇంకో పేరు పెట్టబుద్ధి కాదు. ఇప్పుడు రోడ్డుగా మారిపోయిన ఒక మడుగు నుంచి చిన్నపిల్లగా దొరికింది. ఆ మడుగు కొంగల్లో మిగిలింది ఇది ఒక్కటే. పాత జోడు పోయిన చలికాలంలో చచ్చిపోయింది, ఒక్క పిల్లా దక్కలేదు. ఏప్రిల్ సగంతో ఈ ఏటి గుడ్ల కాలం అయిపోతుంది. వచ్చే ఏడు ఇక పెట్టకపోవచ్చని పక్షుల డాక్టరు అంటున్నాడు. ఈ ఏడు దాటితే ఆ మడుగు రక్తం ఇంక లేదు.

నా పట్టిక ప్రకారం దొరసానికి అన్నివిధాలా తగినవాడు 31 నంబరు కొంగ. దూరపు కేంద్రం నుంచి వ్యానులో తెప్పించాం. పక్కపక్కనే నిలబడి ఇద్దరూ ఒకే వేళకి నీళ్ళు తాగారు. శుభం అనుకున్నాను.

పుస్తకం ఇప్పుడు బాబాయ్ దగ్గర కాదు, ఆఫీసు కంప్యూటర్లో రాయాలని పెద్దసారు ఉత్తర్వు. "మంచిదే, నా చెయ్యి నొప్పి తగ్గుతుంది" అన్నారట బాబాయ్.

ఫిబ్రవరి 24

పొద్దున్నే ల్యాబు గుమ్మంలో బాబాయ్. బూట్లకి బురదని లోపలికి రారు.

"డాక్టరమ్మా, 31 మగదేనా?"

"మగదే బాబాయ్. నివేదికలో ఉందిగా."

"నివేదికలో ఉందనుకోండి. నేనడిగేది, మగదేనా అని."

"జీనోమ్‌లో ఉందంటే ఉన్నట్టే."

"మరి దానికెవరూ చెప్పలేదేమో!"

గుంపులో ఉన్నంత కాలం ఈ కొంగలు జోడు పాట పాడవు. జత కట్టాకే పాడతాయి. మగది ఒక్క దీర్ఘం తీస్తుంది, ఆ దీర్ఘం లోపలే ఆడది రెండు పొట్టి కేకలు వేస్తుంది. అది నాకూ తెలుసు, పుస్తకాల్లో చదివి.

"వారం నుంచీ ఇద్దరూ పొట్టి కేకలేనమ్మా. దీర్ఘం తీసే నాథుడే లేడు. ఇద్దరు తోడికోడళ్ళు వాదులాడుకుంటున్నట్టుంది."

"చిన్నది కదా, గొంతు కుదురుకోలేదేమో."

"అయిదో ఏడు నడుస్తోంది. ఇప్పుడు కుదురుకోకపోతే ఇంకెప్పుడు కుదురుకుంటుంది?"

అప్పుడు నేనన్న మాట ఇక్కడ రాయక తప్పదు. "పాట విని మగా ఆడా చెప్పే రోజులు పోయాయి బాబాయ్" అన్నాను.

"పోయాయంటారా? సరే, పోనీయండి" అని నవ్వి వెళ్ళిపోయారు. బురద అడుగులు గుమ్మం దాకా వచ్చి, అక్కడే వెనక్కి తిరిగి ఉన్నాయి.

ఫిబ్రవరి 25

నాకు ఏ అనుమానమూ లేదు.

ఫిబ్రవరి 26

లేదు.

ఫిబ్రవరి 27

ఉందనుకుందాం. ఉంటే మాత్రం ఏమిటి? నాకు అనుమానం రాని విషయం ఏదైనా ఉందా? తాళం మీద అనుమానం, కరెంటు బిల్లు మీద అనుమానం, పెళ్ళిలో ఆయన నన్ను చూసే నవ్వారా నా వెనక ఉన్న మా అక్కని చూసి నవ్వారా అని ఇప్పటికీ అనుమానం. నా అనుమానం దేనికీ సాక్ష్యం కాదు. పైగా వయసులో ఉన్నది, కొత్త చోటు, దొరసాని ముందు ఎవరి గొంతైనా సన్నబడుతుంది.

మధ్యాహ్నం అటువైపు ఏదో పని ఉండి వెళ్ళాను. పనేమీ లేదు. కంచె పక్కన అరగంట నిలబడ్డాను. ముక్కులు ఆకాశానికి ఎత్తి ఇద్దరూ పాడారు.

పొట్టి కేకలే.

మార్చి 1, ఆదివారం

వంశం పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను. పత్రికకి పంపే వ్యాసంలో బాబాయ్ తప్పుల పట్టిక వేయాలి కదా, అందుకు. వేరే ఎందుకూ కాదు.

"తప్పులున్న చోట పేజీ మడవకండి, చీటీ పెట్టుకోండి" అని చెప్పి బాబాయ్ ఇచ్చారు. చీటీలు కూడా ఆయనే కత్తిరించి ఇచ్చారు. డెబ్బై రెండు, లెక్కపెట్టి.

భోజనాల బల్ల మీద పరుచుకుని మొదలుపెట్టాను. 31కి నా జీనోమ్ చెప్పిన అమ్మానాన్నలు పుస్తకంలో 64కి ఉన్నారు. 64కి నేను చెప్పినవాళ్ళు పుస్తకంలో 31 దగ్గర. అంటే ఈ రెండు గుడ్లూ ఒకదాని చోటికి ఒకటి వెళ్ళాయి. ఎంత చక్కని రుజువు అనుకుని చీటీ పెట్టాను. తర్వాత 12. అది 83తో మారింది. 40 చూస్తే 55తో. 20 చూస్తే 75తో.

గుడ్లు మార్చేసే మతిమరుపు మనిషి ఇంత పద్ధతిగా మారుస్తాడా?

31, 64. 12, 83. 40, 55. కూడి చూశాను. తొంభై అయిదు. తొంభై అయిదు. తొంభై అయిదు.

నా పట్టికని చివరి నుంచి మొదటికి తిప్పి రాసి పుస్తకం పక్కన పెట్టాను. 9 ఒక్కటి కుదరలేదు. మిగతా తొంభై మూడూ అతికినట్టు సరిపోయాయి. మొదట తప్పు పట్టని ఇరవై రెండూ తమ తోబుట్టువులతోనే తారుమారైనవి, అందుకే బయటపడలేదు.

ఆయన వంటింట్లోంచి అడిగారు, "లెక్క తేలిందా?"

"తేలింది."

"మరి ఆ మొహమేంటి?"

మార్చి 2

రక్తపుచుక్కలు పోసిన ప్లేటు ఇంకా ఫ్రీజర్లో ఉంది. అరచేయంత ప్లాస్టిక్ పలక, తొంభై ఆరు గుంటలు. గుంటకొక పక్షి. పాత రకానికి ఒక మూల కత్తిరించి ఉండేది, తిరగేసి పెడితే మెషిన్‌లో కూర్చునేదే కాదు. ఈసారి వచ్చిన కొత్త రకానికి నాలుగు మూలలూ ఒకటే. నింపింది నేనే, మెషిన్‌లో పెట్టిందీ నేనే. ఇలాంటి పని ఇంకొకళ్ళకి అప్పగిస్తే నాకు అన్నం సహించదు కదా. అటు వైపుది ఇటు వచ్చేలా పెట్టాను. మొదటి పక్షి చివరిదైంది, చివరిది మొదటిదైంది.

అయినా మొదటి రోజే పట్టుబడి ఉండేదాన్ని. ఎవరైనా ఒక మూల గుంటలో రక్తం బదులు ఉత్త నీళ్ళు పోస్తారు. పలక తిరగబడితే ఆ నీళ్ళు తప్పు మూలలో తేలతాయి, సంగతి తెలిసిపోతుంది. అందరూ ఒక గుంటే వదులుతారు. నేను రెండు వదిలాను, మొదటిదీ, చివరిదీ. ఒకటి సరిపోతుందో లేదో అని అనుమానం. ఇక ఎటు తిప్పినా ఆ మూలా నీళ్ళే, ఈ మూలా నీళ్ళే.

నా తప్పుకి నా జాగ్రత్తే కాపలా కాసింది.

మిగిలిన రక్తంతో 31నీ 64నీ ఇంకో పదింటినీ విడివిడిగా పరీక్షకి పెట్టాను.

మార్చి 4

31 ఆడది. 64 మగది. అమ్మానాన్నలు పన్నెండింటికీ పుస్తకంలో ఉన్నట్టే ఉన్నారు.

ఇంకోసారి చేసి చూసుకుని చెప్తాను.

మార్చి 5

ఇంకోసారి చేశాను. అంతే వచ్చింది.

మార్చి 6

ఇంకోసారి. అంతే. రక్తం అయిపోవచ్చింది.

మార్చి 7, శనివారం

అమ్మాయికి చెప్పేశాను. ఎలా చెప్పాలో తెలియక చాక్లెట్ల డబ్బా తీశాను. మూత మీద ఏ గడిలో ఏ రకం ఉందో బొమ్మ ఉంటుంది కదా. మూత అలాగే ఉంచి డబ్బాని తిప్పాను. "బొమ్మ చూసి జీడిపప్పుది తీయి" అన్నాను. తీసి కొరికింది. నారింజది వచ్చింది.

"ఛీ" అంది. తర్వాత కాసేపు నమిలి, "ఓ" అంది. ఇంకాసేపటికి, "మరి తాతగారికి చెప్పావా?" అంది. బాబాయ్‌ని అది తాతగారంటుంది.

"ఇంకొక్కసారి పరీక్ష చేసి..."

"అమ్మా. నీకు ఇప్పుడున్నది అనుమానం కాదు."

"మరేంటి?"

"సిగ్గు."

పదహారేళ్ళ పిల్లకి ఇంత అవసరమా? ఇంకో చాక్లెట్ తీసుకుంది. మళ్ళీ నారింజదే. "డబ్బా తిన్నగా పెట్టుకోలేవూ?" అని నన్నే తిట్టింది.

దొరసాని ఆ తోడికోడలితో ఉండి ఇరవై రోజులవుతోంది. ఇరవై రోజులు!

మార్చి 9

పొద్దున్న తిన్నగా కొంగల ఆవరణకే వెళ్ళాను. బాబాయ్ నీళ్ళ తొట్టె కడుగుతున్నారు. బ్రష్షు ఆపకుండానే, "పట్టిక అయిందా?" అన్నారు.

"అయింది బాబాయ్. మీ పుస్తకం సరిగ్గానే ఉంది. నేనే ప్లేటు తిరగేసి పెట్టాను."

బ్రష్షు ఆగింది. "అంటే?"

చెప్పాను. పలక, మూలలు, రెండు నీళ్ళ గుంటలు, తొంభై అయిదు. ఆయన మొహం చూడలేక తొట్టెలో పాచి చూస్తూ చెప్పాను.

నవ్వడం మొదలుపెట్టారు. ఎంత నవ్వారంటే అవతల కొంగలన్నీ మెడలెత్తి చూశాయి. "తిరగేసి! ఇంత చదువూ చదివి, తిరగేసి! ఇరవై ఏడేళ్ళలో నేను ఈ బకెట్టు కూడా తిరగేసి పెట్టి ఎరగను!"

ఆ తర్వాత తొట్టె అంచున కూర్చున్నారు. నవ్వు పోయింది.

"ఆ మీటింగయ్యాక ఇంటికెళ్ళి మా ఆవిడతో అన్నానమ్మా, నిజంగానే మార్చేశానేమోనని. ఒక్కో గుడ్డునీ తలుచుకున్నా. అన్నిటినీ. నిద్రే లేదు."

"ఆ రోజుల్లో నేను హాయిగా నిద్రపోయాను బాబాయ్."

"పోతారు మరి. మీ అనుమానం తెచ్చి నాకు తగిలించారు కదా."

క్షమించమన్నాను. ఏ మాటలతో అన్నానో గుర్తులేదు. ఆయన చేతిలో బ్రష్షు నాకిచ్చి, "ఆ మూల పాచి నాకు అందడం లేదు, గోకండి" అన్నారు. గోకాను. ఉద్యోగంలో చేరాక ఇంత శ్రద్ధగా ఏ పనీ చేయలేదు.

"అన్నీ సరిపోయాయా?" అన్నారు కాసేపటికి.

"9 ఒక్కటి తప్ప."

టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "గాలివాన రోజు. గూడు ఎగిరిపోయింది. రెండు గూళ్ళ గుడ్లూ ఒక్క జేబులోనే వేసుకొచ్చా. ఒకటి చెడిపోయింది, ఒకటి పొదిగింది. ఎవరిదో తెలియక ఊహించి రాశా. అయిదేళ్ళుగా ఆ పేజీ తిప్పాలంటే నాకు..." చెయ్యి గుండె మీద పెట్టుకున్నారు. "మీ మెషిన్ గట్టిదే సుమా."

వెంటనే లేచారు. "అయితే దొరసానికి తగినవాడు ఎవరు?"

"64. ఏ చుట్టరికమూ లేదు."

"ఇంకా అయిదు వారాలుంది. ఇక్కడ పాచి గోకుతూ కూర్చున్నారేంటి? పదండి!"

గోకమన్నది ఆయనే.

పెద్దసారు గదిలోకి ఇద్దరం బురద బూట్లతోనే వెళ్ళాం. విన్నారు. కళ్ళజోడు తీశారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు.

"ఇది ఇంకెవరికి తెలుసు?"

"బాబాయ్‌కి. మా ఆయనకి. మా అమ్మాయికి."

"అంటే లోకానికంతా తెలుసన్నమాట." పెన్ను మూత పెట్టారు. "ముందు 64ని తెప్పించు. తర్వాత నాలుగు కేంద్రాలకీ ఉత్తరాలు రాయి. ఆ తర్వాత అదే హాల్లో, అందరి ముందూ, నువ్వే చదువు. ఎత్తి చూపించింది నేను కాబట్టి నీ పక్కన నేనూ నిలబడతాలే."

మార్చి 13

చదివాను. పెద్దసారు అన్నట్టే నా పక్కన నిలబడ్డారు.

బాబాయ్‌ని ముందు వరసలోకి రమ్మని పెద్దసారు పిలిచారు. "అక్కడికి ఫ్యాను గాలి రాదండీ" అని వెనకే కూర్చున్నారు. పుస్తకం మాత్రం తిరిగి ఆయన ఒళ్ళో ఉంది.

మొత్తం ప్లేటు మళ్ళీ నడపాలి. ఇకమీదట నీళ్ళ గుంట ఒక్కటే. ఒక్కటే.

మార్చి 14

64 దిగాడు. వ్యాను తలుపు తీయగానే నేరుగా నడిచెళ్ళి దొరసాని ముందు నిలబడ్డాడు. ఆవిడ గుండ్రంగా తిరిగి వీపు చూపించింది.

"బాబాయ్, నచ్చలేదేమో!"

"వచ్చి నిమిషం కాలేదు. మీరు చూడకండి, మీ చూపుకే బెదిరిపోతాడు."

అమ్మాయికి వయసుల తేడా చెప్తే, "ఇరవై నాలుగుకి అయిదా? వాళ్ళ అమ్మానాన్నలు ఒప్పుకున్నారా?" అంది.

మార్చి 17

ఒక కేంద్రం నుంచి జవాబు వచ్చింది. "మీ ఉత్తరం అందింది. సరైన వైపు పట్టుకునే చదివాం." కింద పది సంతకాలు.

దీన్ని పట్టుకుని జీవితాంతం ఏడిపిస్తారు నన్ను.

మార్చి 18

వీపు.

మార్చి 19

వీపు.

మార్చి 23

పొద్దున్న తొమ్మిదింటికి ల్యాబు ఫోను. మాట లేదు, ఏదో గోల మాత్రం వినిపిస్తోంది. బాబాయ్ ఫోను కంచెలోకి చాపి పట్టుకున్నారని తర్వాత తెలిసింది.

ఒక దీర్ఘం. దాని లోపల రెండు పొట్టి కేకలు. మళ్ళీ ఒక దీర్ఘం.

చేతి తొడుగులతోనే పరుగెత్తాను. వెళ్ళేసరికి ఇద్దరూ గంతులేస్తున్నారు, గడ్డిపరక ఎగరేసి పట్టుకుంటూ. ఇరవై నాలుగేళ్ళ దొరసాని, ఆ నడకేమిటి, ఈ గంతులేమిటి!

"వినిపించిందా?" అన్నారు బాబాయ్.

"వినిపించింది."

"పాట వినే రోజులు పోయాయని ఎవరో అన్నారు."

"ఎవరో తెలివితక్కువ మనిషై ఉంటుంది."

"అయ్యో, అంతమాట వద్దులెండి. డాక్టరు ఆవిడ."

ఏప్రిల్ 6

గుడ్డు!

ఏప్రిల్ 7

ఉంది.

ఏప్రిల్ 8

ఉంది. రోజుకి రెండుసార్లు మించి రావద్దని బాబాయ్ నాకు హద్దు పెట్టారు.

ఏప్రిల్ 17

సామాన్ల గదిలో పరదాలు దించి గుడ్డు వెనక దీపం పెట్టి చూశాం. లోపల జీవం ఉంటే ఎర్రటి దారాలు కనిపిస్తాయి. లేకపోతే ఉత్త పసుపు వెలుగే. బాబాయ్ రెండు చేతుల్తో పట్టుకున్నారు, దీపం నేను పట్టుకున్నాను. దీపం కదలకుండా ఆయన మోచేత్తో నా మోచేతిని ఆనించి పట్టారు.

దారాలు. సాలెగూడంత సన్నంగా, ఎర్రగా, మధ్యలో ఆవగింజంత ఏదో కొట్టుకుంటూ.

బయటికొచ్చాక ఆయన టోపీ తీసి మొహం తుడుచుకుని, "ఆ గదిలో దుమ్ము ఎక్కువైంది, చెప్పి ఊడిపించాలి" అన్నారు. అవునన్నాను. నాకూ దుమ్ము పడింది.

మే 6

పొదిగింది. తడిసిన దూదిలా ఉంది, కాళ్ళు మాత్రం ఒళ్ళంతటికంటే పొడుగు. 64 దగ్గరికొస్తే దొరసాని ముక్కుతో ఒక్కటిచ్చింది. తర్వాత రానిచ్చింది.

ఎండిపోయిన మడుగు నుంచి ఒక పిల్ల.

మే 11

పెంకు లోపలి పొరలో ఎండిన రక్తపు చారలుంటాయి, నాకవి చాలు. వాటిని తీసుకుంటుంటే బాబాయ్ వచ్చారు.

"ఇప్పుడే చెప్పేస్తారా, మగా ఆడా?"

"సాయంత్రానికి తెలిసిపోతుంది."

"నాకు చెప్పొద్దు. జోడు కట్టి పాడాక నేను విని రాస్తా. అప్పుడు మీ కాగితం తీయండి, చూద్దాం."

"జోడు కట్టడానికి నాలుగేళ్ళు పడుతుంది బాబాయ్. ఈలోగా మీరు రిటైరవుతారు."

"అయితే? పోతూ పోతూ చెవులు కూడా ఆఫీసులో ఒప్పజెప్పాలా?"

"మరి నాలుగేళ్ళు నేను నోరు మూసుకుని ఉండాలా?"

"ఉండగలరా?"

ఉండగలనన్నాను. వంశం పుస్తకంలో పిల్ల నంబరు రాసి, మగా ఆడా అన్న గడి ఖాళీగా ఉంచారు. నేను నా ఫలితాన్ని ఆఫీసు రికార్డులో ఎక్కించి, ఆయనకి చూపించొద్దని ఆఫీసులో అందరి చేతా ఒట్టు వేయించుకున్నాను.

పరీక్ష ఒక్కసారే చేశాను. ఒక్కసారే.

ఇంటికి బయల్దేరుతుంటే గేటు దగ్గర ఎదురుపడ్డారు. నా మొహంలోకి చూసి "ఓహో" అన్నారు.

"ఏంటి ఓహో?"

"ఏం లేదు."

అందుకని ఇక్కడ కూడా రాయడం లేదు. రాస్తే మొహంలోకి వస్తుంది.